చదువుకు పోయినోళ్లు వారాంతం బుడాపెస్ట్‌లో తిని రావడం తప్పా?

మ్యూనిక్_నల్లగొండ
పోయిన శుక్రవారం రాత్రి నలుగురం మ్యూనిక్‌లో బస్సెక్కి తెల్లారేసరికి హంగరీలోని బుడాపెస్ట్‌లో దిగాం. ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. బస్సు, హాస్టల్, తిండి అన్నీ కలిపి మనిషికి 118 యూరోలు అయ్యాయి. ఇన్‌స్టాలో ఫొటోలు చూసి మా ఊరి పెద్దమనిషి ఒకాయన "నాయన అప్పు తెచ్చి పంపితే చదువుతున్నావా, తిరుగుతున్నావా?" అని మెసేజ్ పెట్టాడు. రెండు రోజుల నుంచి అదే మనసులో తిరుగుతోంది. మీరే చెప్పండి.

మేం తిరిగింది తిండి కోసమే. సెంట్రల్ మార్కెట్ హాలు 1897లో తెరిచిన మార్కెట్. శనివారం తొందరగా మూసేస్తారేమో అనుకున్నాం. అందుకే బ్యాగులు హాస్టల్‌లో పడేసి నేరుగా అక్కడికే పోయాం. దుకాణాల ముందు ఎండుమిరపకాయల దండలు వేలాడుతున్నాయి, మన గుమ్మానికి మామిడాకులు కట్టినట్టు. మెట్లు దిగితే కింద అంతా ఊరగాయలే. గాజు సీసాల్లో క్యాబేజీ, దోసకాయలు, పిడికిలంత పుచ్చపిందెలు. నూనె లేదు, ఆవపిండి లేదు, ఉప్పు, సిర్కా నీళ్లలోనే ఊరబెడతారు. నేను సీసాల ముందు నిలబడి చూస్తుంటే కొట్టులో పెద్దావిడ ఫోర్కుతో ఒక పుచ్చపిందె ముక్క తీసి చేతిలో పెట్టింది. కొరికితే కరకరమంది, పులుపుకు కళ్లు మూసుకుపోయాయి. ఆమె నవ్వి ఇంకో ముక్క ఇచ్చింది. మా అమ్మ జాడీ తెరిచిన రోజు ఇట్లాగే తలా ఒక ముక్క చేతిలో పెడుతుంది.

మేడ మీద లాంగోష్ తిన్నాం. పిండిని చేత్తో సాగదీసి నూనెలో వేసి, తీసాక వెల్లుల్లి రసం రాసి, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ వేసిచ్చారు. మన పూరీయే, పళ్లెమంత ఉంటుంది.

జొన్నరొట్టె
పూరీ అనకు తమ్మీ. పూరీ పిండి పులవదు. లాంగోష్‌ది ఈస్ట్ వేసి పులియబెట్టిన మైదా. అది భటూరాకు చుట్టం.

పాలమూరు_ఆడబిడ్డ
పూరీయో భటూరానో తర్వాత తేల్చుకోండి. 118 యూరోలంటే పదకొండు వేలు దాటింది. 20 లక్షల లోన్‌కు 11 శాతం వడ్డీ వేసుకుంటే నెలకు 18 వేల పైన. మీ రెండు రోజుల తిండి, తిరుగుడు సగం నెల వడ్డీకి ఎక్కువే. ఇక్కడ ఆ వడ్డీ ఎవరు కడుతున్నారో ఆ పెద్దమనిషికి తెలుసు కాబట్టే అడిగాడు.

మ్యూనిక్_నల్లగొండ
అక్కా, ఆ 118 లోన్‌లోవి కావు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోల్లో నెలకు 992 చేతికొస్తాయి. రూమ్ అద్దె, ఇన్సూరెన్స్, సరుకులకే అవి అయిపోతాయి. ఈ ట్రిప్ డబ్బు నేను రెస్టారెంట్‌లో గిన్నెలు కడిగి సంపాదించింది. పది గంటల పని కూడా పట్టలేదు.

బత్తాయి_హాలియా
బాబూ, నాదొక చిన్న ప్రశ్న. ఇంట్లో చెప్పి పోయినవా?

సూర్యాపేట_వెజ్
నలుగురిలో బీఫ్ తిననివాళ్లు, తాగనివాళ్లు ఉన్నారా? బిల్లు ఎట్లా పంచుకున్నారు? నేను ఫ్రెండ్స్‌తో ప్రాగ్ పోయినప్పుడు బ్రెడ్డు, సూప్ తిన్నాను, వాళ్లు మాంసం తిని బీర్లు తాగారు. యాప్‌లో అందరికీ సమానంగా పంచారు. అడిగితే "ఇంత చిన్నదానికా" అన్నారు. ఆ తర్వాత నన్ను ఏ ట్రిప్‌కూ పిలవలేదు.

మ్యూనిక్_నల్లగొండ
నేనూ బీఫ్ తినను. గుల్యాష్ అంటే కూర అనుకున్నాను. మిరపపొడి వేసి కాచిన పలచటి మాంసం చారు అది, ఎక్కువ చోట్ల బీఫే. నేను చికెన్ పాప్రికాష్ తీసుకున్నాను, మిరపపొడి, మీగడ వేసి వండే చికెన్ కూర. ఎవరిది వాళ్లం కట్టుకున్నాం.

సూర్యాపేట_వెజ్
అయితే మీవాళ్లు మంచోళ్లు. అందరికీ అట్లాంటోళ్లు దొరకరు. సమానంగా పంచడమే అసలు అన్యాయం, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

రెండో_ఏడాది
ఆ పెద్దమనిషి ఒక్క నవంబరు ఇక్కడ ఉండి చూడాలి. నాలుగున్నరకే చీకటి పడుతుంది. క్లాసు, పని, రూమ్. పోయిన చలికాలం పన్నెండు రోజులు ఎవరితోనూ తెలుగు మాట్లాడలేదు నేను. ఫోన్‌లో అమ్మతో మాట్లాడితే ఏడుపొస్తుందని "నెట్‌వర్క్ లేదు" అని పెట్టేసేవాణ్ని. నలుగురు కలిసి ఒక ఊరు పోయి కడుపునిండా తిని వస్తే ఆ నెలంతా నడుస్తుంది. దీన్ని జల్సా అనకండి.

పాలమూరు_ఆడబిడ్డ
మీ చీకటి మీకు, మా చీకటి మాకు. మా తమ్ముణ్ని బయటికి పంపడానికి ఇల్లు కుదువ పెట్టారు. నాకు పీజీ సీటొచ్చింది, "ఇద్దరికీ కాదు బిడ్డా, ఒక్కరికే" అన్నాడు నాయన. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతున్నాను, జీతంలో సగం వాడి వడ్డీకే. వాడు పోయిన నెల పారిస్‌లో రొట్టె తింటూ వీడియో పెట్టాడు. ఆ రొట్టె నాకు చేదుగా ఉండదా?

రెండో_ఏడాది
మీకు జరిగింది అన్యాయమే అక్కా. కానీ అది చేసింది మీ ఇల్లు. దానికి ఇక్కడ తమ్ముడేం చేశాడు? సొంతంగా సంపాదించి తిన్నాడు.

పాలమూరు_ఆడబిడ్డ
సొంతం, సొంతం అనకండి! ఆ గిన్నెలు కడిగే అవకాశం కూడా ఇంకొకరు ఆగిపోతేనే వచ్చింది. పది గంటల కూలీ సొంతమైతే, నా రెండేళ్లు ఎవరివి?

జొన్నరొట్టె
అక్కా కోపం తగ్గించుకోండి. ఒక్క మాట మాత్రం చెప్పాలి, లాంగోష్ పాతకాలంలో నూనెలో వేసేవాళ్లు కాదు. రొట్టెలు కాల్చే పొయ్యిలో మంట ముందు కాల్చేవాళ్లు. లాంగ్ అంటే వాళ్ల భాషలో మంట.

బత్తాయి_హాలియా
మళ్లీ అడుగుతున్నా. ఇంట్లో చెప్పి పోయినవా?

మ్యూనిక్_నల్లగొండ
కాకా, అది వేరే విషయం. ఇక్కడ ప్రశ్న ఖర్చు గురించి.

బత్తాయి_హాలియా
నాకు అదే విషయం. మా చిన్నోడు కూడా జర్మనీలోనే ఉన్నాడు. మూడెకరాల బత్తాయి తోట బ్యాంకులో ఉంది. రోజూ ఫోన్ చేస్తే "ఏం తిన్నవు బిడ్డా" అంటా. "అన్నం, పచ్చిపులుసు" అంటాడు. ఏడాదంతా అదే మాట. వాళ్లమ్మ ఇక్కడ మాంసం వండిన రోజు నోట్లో ముద్ద పెట్టుకోదు, వాడు పచ్చిపులుసు తింటుండని. దసరాకు మేనల్లుడు వాళ్ల ఫోన్‌లో మావాడి ఫొటోలు చూపించాడు. ఏదో ఊళ్లో ఫ్రెండ్స్‌తో చేపలు తింటున్నాడు, నవ్వుతున్నాడు. రెండేళ్లలో వాణ్ని అట్లా నవ్వంగ నేను చూడలేదు. నా ఫోన్‌లో ఆ స్టేటస్ రాదు. నన్ను, వాళ్లమ్మను తీసేసి పెడతాడట.

ఖర్చు గురించి ఒక్క మాట కూడా అనను. నన్నెందుకు తీసేశాడు?

రెండో_ఏడాది
భయంతో కాకా. మీరు బాధపడతారని.

బత్తాయి_హాలియా
మా నాయన దేవరకొండ నుంచి డ్యాముల పనికి వలస పోయేటోడు. పాలమూరు లేబర్‌తో కలిసి ఎక్కడెక్కడో మట్టి మోసిండు. సద్దిరొట్టె, ఉల్లిగడ్డ తిని, ఇంటికొచ్చినప్పుడు "మంచిగ తిన్న" అని చెప్పేటోడు. ఆయన పస్తులుండి తిన్నా అన్నాడు, నా కొడుకు తిని తినలేదంటున్నాడు. మధ్యలో నాకు ఇద్దరి కడుపూ తెలవలేదు.

పాలమూరు_ఆడబిడ్డ
నా సంగతి కూడా ఇదేనేమో కాకా. మావాడు పారిస్ పోయే ముందు "అక్కా పోతున్న" అని ఒక్క ఫోన్ చేసుంటే, అప్పుడూ తిట్టేదాన్ని. కానీ ఏం తిన్నవో చెప్పమని కూడా అడిగేదాన్ని. వడ్డీ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

మ్యూనిక్_నల్లగొండ
కాకా, చెప్పలేదు. లైబ్రరీలో ఉన్నా, ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది అన్నాను. స్టేటస్‌లో ఇద్దరినీ తీసేశాను. ఆ పెద్దమనిషి మెసేజ్‌కు నేను ఇంత కంగారు పడింది ఖర్చు వల్ల కాదు, ఆయన పోయి నాయనకు చెబుతాడేమో అని. ఇది రాస్తుంటేనే అర్థమవుతోంది.

బత్తాయి_హాలియా
ఇప్పుడు మనకు ఎనిమిదిన్నర. మీ నాయన పడుకోడు. ఫోన్ చెయ్యి.

సూర్యాపేట_వెజ్
తమ్ముడూ చేశావా?

మ్యూనిక్_నల్లగొండ
చేశాను. వీడియో కాల్‌లో ఫొటోలన్నీ ఒక్కొక్కటి చూపించాను. అమ్మ ఆ ఊరగాయలమ్మే ఆవిడ ఫొటో దగ్గర ఆపమని, "నూనె లేకుంటే ఎన్నాళ్లుంటది?" అని రెండుసార్లు అడిగింది. లైబ్రరీ అబద్ధానికి నాయన కోప్పడ్డాడు, చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ అమ్మ చేతికిచ్చి బయటికి పోయాడు. మళ్లీ వచ్చి, ఆ ఎండుమిరపకాయల దండల ఫొటో పెద్దగా చేసి చూపించమన్నాడు. కిలో ఎంతన్నాడు.

బత్తాయి_హాలియా
ఎంతని చెప్పినవు?

మ్యూనిక్_నల్లగొండ
అడగలేదు కాకా. అక్కడ దండల లెక్కన వేలాడదీసి ఉన్నాయి. ఈసారి పోతే కిలో లెక్కన అడుగుతానని చెప్పాను. "పొయ్యే ముందు చెప్పు" అన్నాడు.