జోన్ 4 చలికి ఏ చెట్లు పెట్టమంటారు?

నమస్కారమండీ. మొక్కలు ఎంత చలికి తట్టుకుంటాయో చెప్పే అమెరికా (USDA) మ్యాప్‌లో మాది జోన్ 4, అంటే చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 34 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోవచ్చు. ఇంటికి పడమర నీడకి ఒక చెట్టు, ఉత్తరపు గాలికి అడ్డుగా వరసగా నాలుగైదు చెట్లు పెట్టాలని ఉంది.

నీడకి నా ఓటు బర్ ఓక్‌కే. పెరగడం నిదానం, కానీ ఇంకా చల్లగా ఉండే జోన్ 3 చలికి కూడా తట్టుకుంటుంది. ఇంట్లోవాళ్లకేమో ఆకురాలే కాలంలో ఎర్రబడే రెడ్ మేపుల్ కావాలి. అక్కడే టెన్షన్. మాది క్షారం ఎక్కువున్న నేల, పీహెచ్ 7.8. ఇలాంటి మట్టిలో రెడ్ మేపుల్ ఆకు పసుపెక్కిపోయి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. పక్కింటి చెట్టు అచ్చం అలాగే ఉంది. పైగా దక్షిణాది విత్తనంతో పెంచిన మొక్కయితే, అదే జాతైనా మన చలికి నిలవదు. విత్తనం ఎక్కడిదని నర్సరీలో అడిగితే దాటవేశారు. కొనేముందు ఇది తెలుసుకునే దారేమైనా ఉందా?

గాలికి అడ్డుగా వైట్ స్ప్రూస్ అనుకుంటున్నాను. బ్లూ స్ప్రూస్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, కింది కొమ్మల సూదుల్లాంటి ఆకులు రాల్చేసే ఫంగస్ బెడద దానికి ఎక్కువ. ఒకటే జాతి వరసగా పెడితే తెగులొచ్చినప్పుడు అన్నీ పోతాయేమో, మధ్యలో వేరేది కలపాలా?

నాటడం నేల కరిగాక వసంతంలోనా, ఆగస్టు చివర్లోనా? లేత మొక్కల బెరడు చలికాలపు ఎండకి నైరుతి వైపు పగులుతుంది కదా, కాండానికి తెల్ల గార్డు ఎన్నేళ్లు చుట్టాలి? కుందేళ్లకి కూడా అదే సరిపోతుందా?