మారుతి 800: డ్రైవర్ డోర్, డిక్కీ తాళాలు పట్టేశాయి. సలహా చెప్పండి

కాకినాడ_టీచర్

అందరికీ నమస్కారం. మా నాన్నగారి మారుతి 800, 1998 మోడల్. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఆయన బండి తీయడం మానేశారు. అప్పటి నుంచి సముద్రానికి దగ్గర్లో ఉన్న మా ఇంటి రేకుల షెడ్డులోనే ఉంది. ఇప్పుడు నేను నడుపుదామని బ్యాటరీ మార్పించి, కార్బురేటర్ కడిగించాను. ఇంజన్ చక్కగా అందుకుంది.

తాళాల దగ్గరే ఆగిపోయాం. డ్రైవర్ డోర్‌లో తాళం చెవి పూర్తిగా దిగుతోంది కానీ వెంట్రుకవాసి కూడా తిరగడం లేదు. ఎడమ వైపు డోర్ కాస్త ఊపితే వస్తోంది. అటు నుంచి లోపలికి జరిగి డ్రైవర్ డోర్ తీసుకుంటున్నాను. డిక్కీలో అయితే చెవి సగం దాకానే వెళ్తోంది. అదే చెవి ఇగ్నిషన్‌లో మాత్రం సాఫీగా తిరుగుతోంది.

తాళాలు బాగుచేసే ఆయన ప్లయర్‌తో చెవి పట్టి తిప్పబోతే వద్దన్నాను. ఇంకొకరు మొత్తం లాక్ సెట్టే మార్చేయమన్నారు. పక్కింటివాళ్లు కొబ్బరినూనె పోయమంటున్నారు. నాన్నగారికి ఆ చెవి, ఆ తాళాలు అలాగే ఉండాలని ఉంది. నాకూ అదే ఇష్టం. ఆర్‌సీ రెన్యువల్ కోసం బండిని ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లాలి, ఈలోపు ఇది తేలకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది.

పాతబండి_హైదరాబాద్

అక్కా, కొబ్బరినూనె మాత్రం అస్సలు వద్దు. చలికాలంలో పేరుకుంటుంది, దుమ్ము పట్టి జిగురైపోతుంది. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే డబ్బా తెచ్చి, దాంతో వచ్చే సన్న గొట్టం తాళం రంధ్రంలో పెట్టి కొట్టండి. రాత్రంతా వదిలేయండి. నా మారుతి జెన్ కారుకి అలాగే వచ్చింది. లాక్ సెట్ మార్చే తొందరేమీ లేదు. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా స్పేర్ పార్ట్స్ షాపుల్లో దాని సామాను ఇంకా దొరుకుతోంది.

రాజమండ్రి_మెకానిక్

అమ్మా, ప్లయర్ వద్దన్నావు చూడు, నీ తాళం బతికింది అందుకే. చెవి ఇత్తడిది, ప్లయర్ పట్టుకు మెలితిరిగి విరుగుతుంది. ముక్క లోపల ఉండిపోతే దాన్ని లాగడం వేరే పని.

స్ప్రే డబ్బా చేతిలోకి తీసుకునే ముందు ఏది పట్టేసిందో తేల్చుకోవాలి. నా షెడ్డుకొచ్చే వాళ్లంతా "తాళం పనిచేయట్లేదు" అనే అంటారు. తాళం అంటే ఒక్క వస్తువు కాదు. చెవి పెట్టే బ్యారెల్ ఒకటి, డోర్ అంచున ఉండి దాన్ని మూసి పట్టుకునే లాచ్ ఒకటి, రెండింటినీ కలిపే సన్నటి ఇనుప రాడ్ ఒకటి. చెవి దిగకపోతే బ్యారెల్‌లో మట్టి గానీ చిలుము గానీ ఉంది. దిగి తిరగకపోతే లోపలి రేకులు కదలడం లేదు, లేదా చెవి అరిగింది. చెవి తిరిగినా లోపలి లాక్ బటన్ లేవకపోతే రాడ్ క్లిప్ ఊడిపోయింది. బటన్ లేచినా డోర్ రాకపోతే అప్పుడు లాచ్ సంగతి చూడాలి. నీ డ్రైవర్ డోర్ లోపలి నుంచి వస్తోంది కాబట్టి లాచ్ బాగానే ఉంది. పేచీ అంతా బ్యారెల్‌లోనే.

ఆ బ్యారెల్‌లో చిన్న ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, ఒక్కోదానికి సన్నటి స్ప్రింగు. సరైన చెవి దిగితే రేకులన్నీ బ్యారెల్ మట్టానికి సర్దుకుంటాయి, అప్పుడే తిరుగుతుంది. ఒక్క రేకు పొడుచుకుని ఉన్నా తిరగదు. మీది సముద్రపు గాలి. ఆ ఉప్పుకు ఇత్తడి మీద పచ్చ చిలుము పడుతుంది, చుట్టూ ఉండే జింక్ పోత మీద తెల్లటి పొడి లేస్తుంది. పాత గ్రీజు, దుమ్ము దానికి తోడవుతాయి. ఇక రేకులు ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి.

ఇగ్నిషన్ తిరుగుతోంది కదా, చెవి బాగుందని అనుకోవద్దు. రోజూ వాడే ఇగ్నిషన్ చెవితో పాటే అరుగుతుంది, అరిగిన చెవిని కూడా ఒప్పుకుంటుంది. ఎప్పుడో ఒకసారి వాడే డోర్ ఒప్పుకోదు. నాన్నగారిని అడుగు, బండితో వచ్చిన రెండో చెవి బీరువాలో ఎక్కడైనా ఉందేమో. దొరికితే ముందు దాంతోనే చూడు. డూప్లికేట్ కోయించాల్సి వచ్చినా ఆ వాడని చెవి నుంచే కోయించు. అరిగిన దాని నుంచి కోస్తే అరుగుదల కూడా కొత్తదాంట్లోకి వస్తుంది.

పని ఇలా చెయ్యి. డ్రైవర్ డోర్ బార్లా తెరిచి పెట్టుకో, గ్లాసు దించెయ్యి. తెరిచిన డోర్‌లో లాచ్ మీద బరువుండదు, పొరపాటున లాక్ పడినా బయట చిక్కుకోవు. కింద పెయింటుకు పాత గుడ్డ అడ్డం పెట్టు. చెవి రంధ్రం దగ్గర స్ప్రింగు మూత లాంటిది ఉంటుంది, దాన్ని పుల్లతో మెల్లగా లోపలికి నొక్కి స్ప్రే కొట్టు. తర్వాత చెవిని తిప్పకుండా, లోపలికీ బయటికీ మాత్రమే ఆడించు. తీసినప్పుడల్లా గుడ్డతో తుడువు. నల్లగా, పచ్చగా మురికి వస్తుంది. చెవి శుభ్రంగా వచ్చేదాకా అదే పని. ఓపిక ఉండాలి. ఈ పనికి బలం అక్కర్లేదు.

రాత్రంతా అలా వదిలి, పొద్దున పంక్చర్ షాపు ఆయన దగ్గర గాలి గొట్టంతో ఒకసారి ఊదించు. మళ్లీ స్ప్రే కొట్టి, చెవి పూర్తిగా దించి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో చెవి తల మీద నెమ్మదిగా తట్టు. ఆ అదురుకు రేకులు కదులుతాయి. తిప్పేటప్పుడు రెండు వైపులా కొంచెం కొంచెంగా ఆడించు. అరిగిన చెవి అయితే ఒక్క పిసరు వెనక్కి లాగి తిప్పితే కొన్నిసార్లు పడుతుంది. ఈ స్ప్రేలు మండుతాయి, వేడి చేద్దామని లైటర్, గ్యాస్ మంట దగ్గరికి రానివ్వకు.

అప్పటికీ రాకపోతే బ్యారెల్ బయటికి తీయాల్సిందే. గ్లాస్ హ్యాండిల్ వెనక చిన్న వైరు క్లిప్ ఉంటుంది. హ్యాండిల్‌కీ, డోర్ లోపలి వైపు అట్టలా ఉండే ప్యాడ్‌కీ మధ్య గుడ్డ పేలిక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్ ఎగిరొస్తుంది, ఎటు పడిందో చూసుకో. ప్యాడ్ ఊడదీసి, ప్లాస్టిక్ షీటు చిరగకుండా పక్కకు తప్పిస్తే బ్యారెల్‌ను పట్టుకుని ఉండే రేకు క్లిప్ కనిపిస్తుంది. అది లాగితే బ్యారెల్ చేతిలోకి వస్తుంది. రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, బ్రష్‌తో కడిగి బిగించడమే.

డిక్కీకి కూడా ముందు కడగడమే. సగం దిగిన చెవిని సుత్తితో కొట్టొద్దు.

విశాఖ_వీకెండ్

మెకానిక్ గారూ, తాళంలో నూనె అసలు వేయకూడదు, గ్రాఫైట్ పొడే వాడాలి అంటారు కదా? మరి స్ప్రే కొడితే?

రాజమండ్రి_మెకానిక్

స్ప్రే కడగడానికి. అది ఆరిపోయేది, ఎల్లకాలం నునుపు ఇవ్వదు. పూర్తిగా ఆరాక గ్రాఫైట్ వేసుకోవచ్చు. తడి మీద వేస్తే రెండూ కలిసి ముద్దై మొదటికే వస్తుంది. పొడి దొరకకపోతే 6బీ లాంటి మెత్తటి పెన్సిల్‌తో చెవి రెండు పక్కలా బాగా రుద్ది, తాళంలో ఆడించండి. సముద్రం పక్కన ఉన్నవాళ్లకు నా మాట: గ్రాఫైట్ అయినా, పలచటి కుట్టుమిషన్ నూనె చుక్క అయినా ఏదో ఒక్కటే ఎంచుకుని, మళ్లీ మళ్లీ వేస్తూ ఉండండి. గ్రీజు మాత్రం బ్యారెల్‌లోకి పోకూడదు. దాని చోటు లాచ్.

కాకినాడ_టీచర్

గురువు గారూ, డ్రైవర్ డోర్ వచ్చేసింది! రెండో చెవి నాన్నగారి ఎల్‌ఐసీ బాండ్ల కవర్‌లో దొరికింది. దాంతో మీరు చెప్పినట్టే ఆడిస్తే మొదట బిరుసుగా, తర్వాత తేలిగ్గా తిరిగింది. ప్యాడ్ ఊడదీసే పని పడలేదు. నాన్నగారు తనే కుర్చీ వేయించుకుని కూర్చుని మురికి తుడిచారు.

డిక్కీలో ఇప్పుడు చెవి మొత్తం దిగుతోంది, తిరుగుతోంది కూడా. కానీ తలుపు లేవడం లేదు. లాగితే కింద పట్టుకుని ఉన్నట్టుంది.

రాజమండ్రి_మెకానిక్

చాలా సంతోషం అమ్మా. ఇక డిక్కీలో బ్యారెల్ పని అయిపోయింది, ఇప్పుడు లాచ్ సంగతి. చాలాకాలం మూసి ఉంటే రబ్బరు బీడింగ్ బాడీకి అంటుకుపోయి లాచ్‌ను పైకి తన్నిపెడుతుంది, ఆ బిగువు మీద తుప్పు పట్టిన లాచ్ వదలదు. ఒకరు డిక్కీ తలుపును అరచేతులతో కిందికి గట్టిగా నొక్కండి, అదే సమయంలో ఇంకొకరు చెవి తిప్పండి. బిగువు తగ్గి వదిలేస్తుంది.

రాకపోతే వెనక సీటు వాల్చి, టార్చ్ పట్టుకుని లోపలికి దూరి, డిక్కీ తలుపు లోపలి కవర్ విప్పితే లాచ్ లివర్ స్క్రూడ్రైవర్‌కు అందుతుంది. లోపలికి వెళ్లేవాళ్లకు డోర్లు తెరిచే ఉంచండి.

తెరుచుకున్నాక లాచ్‌ను కిరసనాయిలుతో కడిగి, ఆరాక తెల్ల గ్రీజు రాయి. కింద లాచ్ పట్టుకునే కొక్కెం పక్కకు జరిగినట్టుంటే, బోల్టులు వదులు చేసే ముందు దాని చుట్టూ పెన్సిల్‌తో గీత గియ్యి, లేకపోతే పాత చోటు తెలియదు. బీడింగ్ మీద కొంచెం టాల్కమ్ పౌడర్ రుద్దితే మళ్లీ అంటుకోదు.

ఇంకొకటి, ఫిట్‌నెస్‌కు వెళ్లే ముందు నాలుగు డోర్లూ లోపలి నుంచీ బయటి నుంచీ తెరుచుకుంటున్నాయో లేదో నువ్వే కూర్చుని చూడు. ప్రమాదం జరిగితే బయటివాళ్లు తెరవగలగాలి, లోపలివాళ్లు రాగలగాలి. వెనక డోర్ లోపలి నుంచి రాకపోతే ఛైల్డ్ లాక్ పడి ఉందేమో ముందు చూసుకో. అలాగే డోర్ల కింది అంచున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, పుల్లతో పొడిచి శుభ్రం చెయ్యి. అవి మూసుకుపోతే వాన నీరు లోపలే నిలిచి, ఇప్పుడు కడిగిన రాడ్లకు మళ్లీ తుప్పు పడుతుంది.