మోకాలి ఆపరేషన్ తర్వాత కాలికి రక్తం ఆగిపోతుందా? అమ్మకి డేట్ ఇచ్చారు, భయంగా ఉంది

నల్గొండ పద్మ:
నమస్తే అండి. అమ్మకి 67 ఏళ్ళు, షుగర్ వచ్చి పదిహేనేళ్ళు దాటింది. వచ్చే నెల కుడి మోకాలికి రీప్లేస్‌మెంట్ అన్నారు. మా పెద్దమ్మ వాళ్ళ పక్కింటాయనకి ఇదే ఆపరేషన్ అయ్యాక కాల్లో రక్తనాళం బ్లాక్ అయి మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళారంట, అది విన్నప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారు కదా, మరి ఎందుకలా? ఇంకోటి, అమ్మకి కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేస్తుంది, రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. మేం అదీ మోకాలి నొప్పే అనుకున్నాం.

శ్రీను, ఖమ్మం:
అక్కా, మా నాన్నకి జరిగింది కాబట్టి చెప్తున్నా. సాయంత్రం ఆపరేషన్ అయింది, రాత్రి పాదం చల్లగా ఉంటే అమ్మ ఏసీ వల్ల అనుకుని దుప్పటి కప్పింది. నడుముకి ఇచ్చిన మత్తు ఇంకా దిగలేదు, నాన్నకి నొప్పి తెలియలేదు, వేళ్ళు కదపలేకపోతే అదీ మత్తే అనుకున్నాం, పొద్దున డాక్టర్ వచ్చి చూస్తే పాదంలో నాడి లేదు. అప్పుడు సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్), బెలూన్ ట్యూబుతో గడ్డ తీయడం, పిక్క వాచిపోయిందని రెండు పక్కలా చర్మం కోసి వదిలేయడం, అన్నీ ఒక్కరోజులోనే. కాలు దక్కింది కానీ పాదం పైకి లేవదు, ఇప్పటికీ పట్టీ వేసుకునే నడుస్తాడు. రక్తం ఆగిన ఆరు గంటల్లోపు తెరిపించాలంట, మేం ఆ టైమంతా దుప్పటి కిందే పోగొట్టుకున్నాం.

సిస్టర్ విజయ:
ఆర్థో వార్డులో పన్నెండేళ్ళుగా నర్సుని. పద్మ గారూ, ఇది చాలా అరుదు, ముందు ఊపిరి పీల్చుకోండి. మీరు చెప్పే ఇంజెక్షన్లు ముఖ్యంగా వెయిన్‌లో, అంటే రక్తాన్ని గుండెకి తిరిగి తీసుకెళ్ళే నాళంలో, గడ్డ కట్టకుండా ఇచ్చేవి, అదొస్తే కాలు వాచి వేడిగా ఉంటుంది. ఇది ఆర్టరీ సంగతి, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళం, పాదం చల్లబడి పాలిపోతుంది. మోకాలి వెనకే పెద్ద ఆర్టరీ ఉంటుంది, షుగర్ వాళ్ళకీ పొగ తాగేవాళ్ళకీ దాని గోడలు గట్టిపడి ఉంటాయి, ఆపరేషన్‌లో రక్తం కారకుండా తొడకి టూర్నికే అనే పట్టీ బిగించినప్పుడో మోకాలు బాగా వంచినప్పుడో లోపలి పొర చిట్లడమో, గోడలకి పేరుకున్న కొవ్వు ఊడి కిందకి పోయి అడ్డుపడడమో జరగొచ్చు.

నాకు అసలు దిగులు మీరు చివర్లో రాసిన పిక్క సంగతి. నడిస్తే పట్టేసి నిలబడితే వదిలేదాన్ని మోకాలి ఖాతాలో వెయ్యకండి, ఇప్పటికే ఆర్టరీ సన్నబడిందేమో చూపించాలి. ఆపరేషన్‌కి ముందే పాదం నాడి చూడమనండి, చేతికీ చీలమండకీ బీపీ పోల్చి చూసే టెస్ట్ ఉంటుంది, చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువొస్తే అనుమానించాలి. షుగర్ వాళ్ళకి నాళాలు గట్టిపడి అది తప్పుగా నార్మల్ చూపించొచ్చు, అందుకే డాప్లర్ (నాళంలో రక్తం ఎలా పారుతుందో చూసే స్కాన్) కూడా అడగండి. తేడా ఉంటే వాస్కులర్ సర్జన్ (రక్తనాళాల డాక్టర్) చూశాకే కత్తి పెట్టాలి, టూర్నికే లేకుండా చేయడం కూడా కుదురుతుంది. ఆపరేషన్ రాత్రి గంటగంటకీ రెండు పాదాలూ ముట్టుకుని పోల్చండి. ఒకటి చల్లగా ఉంటే డ్యూటీ డాక్టర్ని లేపండి, విసుక్కున్నా సరే లేపండి.

నల్గొండ పద్మ:
విజయ గారూ, శ్రీనూ, చాలా థ్యాంక్స్. ఇవాళ డాక్టర్‌కి పిక్క సంగతి చెప్పాను, ఆయనే పాదం పట్టుకుని చూసి కుడివైపు నాడి బాగా తక్కువుందన్నారు. డాప్లర్ రాశారు, ఎల్లుండి. రిపోర్ట్ వచ్చేదాకా ఆపరేషన్ డేట్ పక్కన పెట్టేశాం.