పాత ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పీ: ఏహెచ్‌సీఐ డ్రైవర్ వేయాలా, ఐడీఈలోనే వదిలేయాలా?

డీటీపీ_గుంటూరు
మా షాపులో పాత పెళ్లికార్డుల ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉన్నాయి. వాటికోసమే 2008 నాటి కోర్ 2 డ్యుయో ల్యాప్‌టాప్ ఒకటి (ఐసీహెచ్9ఎం చిప్‌సెట్, 2 జీబీ ర్యామ్) ఉంచుకున్నాను. హార్డ్ డిస్క్ పోతే కొత్తది బిగించి విండోస్ ఎక్స్‌పీ సీడీ పెట్టాను. ఫైళ్లన్నీ లోడయ్యాక సరిగ్గా విండోస్ మొదలయ్యే చోట నీలం తెర, స్టాప్ 7బీ అనే ఎర్రర్. బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) సాటా మోడ్‌ని, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని, ఏహెచ్‌సీఐ (కొత్త పద్ధతి) నుంచి ఏటీఏకి (పాత ఐడీఈ పద్ధతికి) మారిస్తే గొడవ లేకుండా ఎక్కింది. కానీ ఫైలు కాపీ చేస్తుంటే మౌస్ కూడా ఆగి ఆగి కదులుతోంది. మా బావమరిదేమో "ఐడీఈ మోడ్‌లో అంతే, డ్రైవర్ వేసి ఏహెచ్‌సీఐకి మార్చాల్సిందే" అంటున్నాడు. ముహూర్తాల సీజన్ ముందర, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

స్క్రూడ్రైవర్
ముట్టుకోకండి సార్. ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఉండదు, డిస్క్ దానికి కనపడదు, అందుకే 7బీ. ఏటీఏలో పెడితే పాత ఐడీఈ డిస్క్ అనుకుని నడిపేస్తుంది. దానివల్ల పోయేది ఎన్‌సీక్యూ, అంటే 32 పనుల్ని వరసలో పెట్టుకుని డిస్క్ తనకు వీలైన క్రమంలో చేసుకునే సౌకర్యం. సర్వర్‌కి అది కావాలి. ఒక మనిషి ఒక కార్డు తెరుచుకుని కూర్చునే చోట దాంతో పనేముంది?

పాతసిస్టమ్
అన్నా, ఎన్‌సీక్యూ ఒక్కటేనా పోయేది? డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడు సాటా లింక్‌ని నిద్రపుచ్చి బ్యాటరీ మిగిల్చేది కూడా ఏహెచ్‌సీఐలోనే. పైగా రేపు అదే డిస్క్‌లో విండోస్ 7 కూడా పెట్టుకుంటే? నాకు అదే అయింది. 7 ఏహెచ్‌సీఐలో, ఎక్స్‌పీ ఐడీఈలో. ఎక్స్‌పీలోకి వెళ్లాలంటే ప్రతిసారీ బయాస్. ఒకరోజు మా అబ్బాయి ఆన్ చేసి నీలం తెర చూసి, కంప్యూటర్ పాడుచేశానని ఏడ్చేశాడు. ఎన్‌లైట్ అనే సాఫ్ట్‌వేర్‌తో సీడీలోనే డ్రైవర్ కలిపేస్తే ఒక్క సాయంత్రం పని. డ్రైవర్‌ని టెక్స్ట్‌మోడ్ (సెటప్ మొదట్లోనే లోడయ్యేది) అని ఎంచుకోవాలి, 32 బిట్‌దే తీసుకోవాలి.

డీటీపీ_గుంటూరు
సెటప్ మొదట్లో ఎఫ్6 నొక్కమంటుంది కదా, పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ పెట్టి ఇస్తే సరిపోదా?

పాతసిస్టమ్
ఎఫ్6 అడిగేది ఫ్లాపీనే. పెన్‌డ్రైవ్‌ని చూడదు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ అయినా అన్నిటినీ గుర్తుపట్టదు.

మళ్లీ ఇన్‌స్టాల్ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్‌కి ఇంటెల్ ఏహెచ్‌సీఐ డ్రైవర్ బలవంతంగా ఎక్కించి, రీస్టార్ట్ అవుతుండగానే బయాస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ చేయాలి. జాబితాలో ఐసీహెచ్9ఆర్ పేరు కూడా ఉంటుంది, అది డెస్క్‌టాప్‌ది. మీకు కావాల్సింది ఎం ఉన్నది, డివైస్ ఐడీ 2929. ఇప్పుడు చూస్తే 2928 అని కనిపిస్తుంది, కంగారుపడకండి, మోడ్ మారితే నంబరూ మారుతుంది.

స్క్రూడ్రైవర్
ఈ "బలవంతంగా" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. "ఇది మీ హార్డ్‌వేర్‌కి సరిపోకపోవచ్చు" అని విండోస్ హెచ్చరిస్తే ఓకే నొక్కి ముందుకెళ్లాలి. బయాస్ మార్చడం మర్చిపోయి బూట్ అయితే మళ్లీ 7బీ. మీకు అలవాటు తమ్ముడూ, ఆయనకి రేపు ఉదయం కార్డులు ఇవ్వాలి.

ఇంతకీ సార్, మౌస్ ఆగుతోందన్నారు. అది ఐడీఈ మోడ్ లక్షణం కాదు. డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానెల్ ప్రాపర్టీస్‌లో ట్రాన్స్‌ఫర్ మోడ్ ఏముందో చూసి చెప్పండి. డేటా ఎర్రర్లు పదే పదే వస్తే ఎక్స్‌పీ డీఎంఏని (ప్రాసెసర్‌ని కదపకుండా డేటా మోసే పద్ధతి) వదిలేసి పీఐఓ అనే పాత పద్ధతికి దిగిపోతుంది. అప్పుడు ప్రతి బైటూ ప్రాసెసరే మోయాలి.

లైనక్స్_బండి
లైనక్స్ వేసి వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌పీ నడిపితే ఈ గోలే ఉండదు కదా. లోపలి ఎక్స్‌పీకి ఐడీఈ డిస్కే చూపించవచ్చు.

స్క్రూడ్రైవర్
2 జీబీ ర్యామ్‌లోనా?

లైనక్స్_బండి
సరే, ఒప్పుకుంటాను. కానీ 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పీకి సపోర్ట్ అయిపోయింది, ఏ మోడ్‌లో ఉన్నా నెట్ మాత్రం కలపొద్దు. ఇంకోటి, కొత్త డిస్కులు చాలావరకు లోపల 4కే సెక్టార్లవి, అంటే 4096 బైట్ల గడులవి. ఎక్స్‌పీ పార్టిషన్‌ని 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, రెండూ కలవక రాయడం నెమ్మదిస్తుంది. ఎప్పుడైనా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పార్టిషన్ ముందే జీపార్టెడ్ అనే టూల్‌తో చేసుకోండి.

డీటీపీ_గుంటూరు
చూశాను. పీఐఓ అనే ఉంది! ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, డిస్క్ ట్రే లాగి చూస్తే ఒక వైపు స్క్రూ లేదు, కనెక్టర్ వెంట్రుకవాసి బయటికి ఉంది. గట్టిగా నెట్టి స్క్రూ బిగించి, ఆ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే అల్ట్రా డీఎంఏ వచ్చేసింది. మౌస్ ఇప్పుడు బాగుంది. సీజన్ అయ్యేదాకా ఏటీఏలోనే ఉంచుతాను. బావమరిది మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

పాతసిస్టమ్
స్క్రూ వల్ల అని తేలింది కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను. 7 కూడా పెట్టేటట్టయితే అప్పుడు ఐడీఈ వద్దు. 2929, రాసిపెట్టుకోండి.