వర్తూరు దగ్గర స్కూలు గ్రౌండులో రాకెట్ లాంచ్: మోటారా, నీళ్లా?

వర్తూరు_సైన్స్‌క్లబ్

అందరికీ నమస్కారం. బెంగళూరులో వర్తూరు వైపు ఒక స్కూల్లో 8, 9 తరగతుల పిల్లలు 40 మందితో మోడల్ రాకెట్ లాంచ్ పెట్టాలనుకుంటున్నాం. నలుగురేసి చొప్పున పది జట్లు, ఒక్కో జట్టుకు మూడు లాంచ్‌లు. గ్రౌండు 90 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు. రెండు వైపులా అపార్ట్‌మెంట్లు, ఒక పక్క రోడ్డు. మేనేజ్‌మెంటు వాళ్లు జాతీయ అంతరిక్ష దినోత్సవం కదా, ఆగస్టు 23నే పెట్టమంటున్నారు.

నా సందేహాలు ఇవీ. బయటి దేశాల్లో దొరికే సీ6-5 లాంటి రాకెట్ మోటార్లు (మందు నింపిన గొట్టాలు) ఇక్కడ స్కూలు వాడుకోవచ్చా? లేదంటే నీటి రాకెట్లే మేలా? నీటి రాకెట్లయితే అరంగుళం పీవీసీ పైపు, కేబుల్ టైలతో లాంచర్ చేద్దామని ఒక డ్రాయింగు వేసుకున్నాం. పైపు అడుగున ఎండ్ క్యాప్, దానికి కారు టైరు వాల్వ్. అందులో మార్చాల్సింది ఏమైనా ఉందా? పారాచూట్ పెట్టాలా వద్దా?

రెక్కా_తోకా

మోటార్ల సంగతి ముందు తేల్చేద్దాం. వద్దండి. సీ6-5 అంటే 5 నుంచి 10 న్యూటన్ సెకన్ల ఇంపల్స్ (తోపును అది ఉండే సమయంతో గుణిస్తే వచ్చేది), సగటున 6 న్యూటన్ల తోపు, మందు కాలిపోయాక 5 సెకన్లకు పారాచూట్‌ను నెట్టే ఛార్జీ. లోపల ఉండేది నల్లమందు. మన దగ్గర ఇలాంటివి 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్టు, 2008 ఎక్స్‌ప్లోజివ్స్ రూల్సు కిందికి వస్తాయి. లైసెన్సుల వ్యవహారం నాగ్‌పూర్ కేంద్రంగా పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసోది. విమానంలో బ్యాగులో పెట్టి తెప్పించుకోవడం నేరం, ప్రమాదం కూడా.

అనుమతి దొరికిందనుకున్నా మీ గ్రౌండు సరిపోదు. అమెరికా రాకెట్రీ సంఘం వాళ్ల భద్రతా నియమాల ప్రకారం సీ మోటారుకు స్థలం చిన్న వైపున కూడా 400 అడుగులు, అంటే 122 మీటర్లు ఉండాలి. మీకున్నది 60.

దీపావళి రాకెట్ల మందు విప్పి వాడదాం, చక్కెర కలిపి ఇంట్లో ఇంధనం చేద్దాం అనే పిల్లలు ప్రతి క్లబ్బులో ఒకరిద్దరు ఉంటారు. మొదటి రోజే గట్టిగా చెప్పేయండి. గొట్టం ఎప్పుడు పేలుతుందో చేసినవాడికే తెలియదు. వేళ్లు పోతాయి.

నీటి రాకెట్టును తక్కువగా చూడాల్సిన పని లేదు. 2.25 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, 700 మి.లీ. నీళ్లు, 60 పీఎస్ఐ గాలి అనుకోండి. మూతి లోపలి వ్యాసం దాదాపు 21.7 మి.మీ. వదిలిన క్షణంలో తోపు 300 న్యూటన్లు, అంటే 30 కిలోల బరువంత. నీళ్లు సెకనుకు 28 మీటర్ల వేగంతో దూసుకొస్తాయి, సెకనులో పదో వంతుకల్లా అయిపోతాయి. ఖాళీ రాకెట్ 150 గ్రాములు ఉంటే 45 మీటర్లకు అటూ ఇటూ వెళ్తుంది. మీ పక్క అపార్ట్‌మెంటు పదిహేనో అంతస్తు దాకా అన్నమాట. న్యూటన్ మూడో సూత్రం చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంకొకటి. హాల్ (హెచ్ఏఎల్) విమానాశ్రయం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు నుంచి దిగే విమానాలు మీ వైపు మీదుగానే వస్తాయి. డిజిటల్ స్కై మ్యాపు డ్రోన్ల కోసం పెట్టింది, రాకెట్లకు నిబంధన కాదు. కానీ మీ గ్రౌండు ఏ జోన్‌లో పడుతుందో అందులో చూసి, ఎంత ఎత్తు వెళ్తుందో రాసి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో ముందే ఒక ఉత్తరం ఇవ్వండి. తల మీద విమానం కనబడితే పంపు ఆపేయాలి, అంతే.

పీణ్య_ఫిట్టర్

లాంచర్ గురించి నేను చెప్తా. మీ డ్రాయింగులో రెండు తప్పులున్నాయి, రెండూ పెద్దవే.

మొదటిది పీవీసీ. నీళ్లకు ఎంత ప్రెషర్ తట్టుకున్నా, నొక్కిన గాలికి పీవీసీ వాడకూడదు. పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. ఎండలో ఉండి ఉండి పెళుసెక్కిన పైపైతే మరీను. 15 ఎన్‌బీ (అరంగుళం సైజు) స్టెయిన్‌లెస్ పైపు తీసుకోండి. దాని బయటి వ్యాసం కూడా 21.3 మి.మీ.యే, బాటిల్ మూతిలోకి నేరుగా దూరుతుంది. జీఐ కూడా అదే సైజు కానీ జింకు పూత ఎగుడుదిగుడుగా ఉంటుంది, మూతిని పట్టేస్తుంది.

పైపు బాటిల్ లోపలికి 20 నుంచి 22 సెం.మీ. వెళ్లాలి. పైచివర నీటి మట్టం కన్నా పైన ఉండాలి, లేకపోతే నీళ్లన్నీ పైపులోకి దిగిపోతాయి. లోపలున్న ఆ పొడవే రాకెట్టుకు పట్టాలాగా పనిచేసి మొదటి జానెడు దూరం నిటారుగా పంపుతుంది.

ఓ రింగు (గాలి కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు సీలు) కోసం పైపు మీద లేత్‌లో గాడి తీయించండి: లోతు 1.45 మి.మీ., వెడల్పు 2.7 మి.మీ. దాంట్లో 2 మి.మీ. మందం, 18 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న నైట్రైల్ రింగు. బాటిల్ దిగాక మూతి మధ్యలోకి రింగు వచ్చేలా గాడి చోటు కొలుచుకోండి. గాడి అంచుల్లో గరుకు లేకుండా నున్నగా చేయించుకోవాలి, లేదంటే రెండు లాంచ్‌లకే రింగు తెగుతుంది.

రెండో తప్పు టైరు వాల్వ్ చోటు. లాంచర్ అడుగునే పెడితే, రాకెట్ ఇరుక్కుపోయినప్పుడు గాలి తీయడానికి ఎవరో ఒకరు 60 పీఎస్ఐ బాటిల్ దగ్గరికి వెళ్లి వాల్వ్ పిన్ను నొక్కాలి. అది జరగకూడదు. లాంచర్ నుంచి 8 మి.మీ. పీయూ (పాలియురేథేన్) ట్యూబు 8 మీటర్లు లాగండి. అవతలి చివర టైరు వాల్వ్, ప్రెషర్ గేజు, ఒక బాల్ వాల్వ్. ఏ తేడా వచ్చినా అక్కడి నుంచే బాల్ వాల్వ్ తిప్పితే గాలి మొత్తం పోతుంది. గేజు సున్నాకు వచ్చాకే దగ్గరికి వెళ్లాలి. పుష్ ఫిట్టింగులు, ట్యూబు, గేజు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల దొరుకుతాయి, టైరు వాల్వ్ జేసీ రోడ్డులో.

పట్టు కోసం 4.8 మి.మీ. కేబుల్ టైలు ఎనిమిది, తలలు పైకి, తోకలు కిందికి. తలలు బాటిల్ మూతి దగ్గరుండే రింగు మీదికి కొక్కెంలా రావాలి. తోకలను హోస్ క్లిప్‌తో పైపుకు బిగించండి. తలల చుట్టూ ఒకటిన్నర అంగుళం పైపు ముక్క కాలర్‌లా జారుతూ ఉండాలి. కాలర్‌లో ప్రెషర్ ఉండదు కాబట్టి అది పీవీసీ అయినా ఫర్వాలేదు. బాటిల్, టైలు షాపుకే తీసుకెళ్లి వదులు, బిగువు సరిచూసుకోండి.

కాలర్‌కు తాడు ఒక్కవైపే కడితే అది ఒరిగి ఇరుక్కుంటుంది. రెండు పక్కలా కట్టి, బేస్ చెక్కకు బిగించిన రెండు కొక్కేల కింద నుంచి తెచ్చి ఒకటిగా ముడేయండి. అప్పుడు ఎంత దూరం నుంచి లాగినా కాలర్ సమంగా కిందికే దిగుతుంది.

కేబుల్ టైలు ఎండకు పెళుసెక్కుతాయి. ప్రతి ఈవెంటుకూ కొత్తవి వేయండి, పది రూపాయల దగ్గర పొదుపు వద్దు.

రెక్కా_తోకా

ఫిట్టర్ గారు చెప్పిన బాల్ వాల్వ్ విషయం దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

ఇక రాకెట్. కూల్‌డ్రింక్ బాటిల్ మాత్రమే వాడాలి, అడుగున ఐదు కాళ్లుండేది. మంచినీళ్ల బాటిల్ పలుచన, ప్రెషర్‌కు పనికిరాదు. ప్రతి బాటిల్‌నూ ముందు నిండుగా నీళ్లతో నింపి 90 పీఎస్ఐ దాకా పరీక్షించండి. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి పగిలినా చిన్న చప్పుడుతో పోతుంది. గీతలు, తెల్లటి మడతలు ఉన్నవాటిని పక్కన పడేయండి.

రెక్కలు అతికించడానికి హాట్ గ్లూ వాడకండి. ఆ వేడికి బాటిల్ గోడ ముడుచుకుని బలహీనపడుతుంది. రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపు, పైన మామూలు టేపు చాలు. రెక్కలకు సన్‌ప్యాక్ షీటు (లోపల గీతలుండే ప్లాస్టిక్ అట్ట) బాగుంటుంది, దాని గీతలు బాటిల్ నుంచి బయటి వైపుకు ఉండేలా కోస్తే వంగవు. అతికే అంచు 12 సెం.మీ., బయటికి 8 సెం.మీ., మూడు లేదా నాలుగు. వీలైనంత మూతి వైపుకు పెట్టాలి కానీ కాలర్‌కు తగలకూడదు. ముక్కుకు సగం కోసిన స్పాంజి బంతి, దాని కింద 50 గ్రాముల క్లే. మేకులు, నట్లు, రాళ్లు ముక్కులో ఉండకూడదు.

నిలకడ ఇలా చూడండి. ఖాళీ రాకెట్‌ను వేలి మీద తూచి బరువు కేంద్రం గుర్తు పెట్టండి. నీళ్లు కన్నుమూసి తెరిచేలోపు అయిపోతాయి కాబట్టి ఖాళీ రాకెట్‌తోనే చూడాలి. తర్వాత రాకెట్ నీడను అట్ట మీద గీసి, కోసి, ఆ అట్ట ఎక్కడ సమంగా నిలుస్తుందో చూడండి. అది గాలి తోపు కేంద్రానికి దగ్గరి అంచనా. బరువు కేంద్రం దానికన్నా ముక్కు వైపుకు కనీసం ఒక బాటిల్ వ్యాసం, అంటే 11 సెం.మీ. దూరంలో ఉండాలి. తగ్గితే క్లే పెంచండి. చివరగా బరువు కేంద్రం దగ్గర తాడు కట్టి తల చుట్టూ తిప్పితే ముక్కు ముందుకు పెట్టుకుని తిరగాలి. అడ్డంగా తిరిగేదాన్ని లాంచర్ ఎక్కించకండి.

రెక్కలు మరీ పెద్దవైనా ఇబ్బందే, గాలి ఎటు నుంచి వస్తే ముక్కు అటు తిప్పేస్తుంది.

వర్తూరు_సైన్స్‌క్లబ్

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పీవీసీ మానేశాం, స్టెయిన్‌లెస్ పైపు ఆర్డరిచ్చాం. పారాచూట్, తేదీ, ఎత్తు కొలవడం మిగిలాయి.

గాలిమర

పారాచూట్ గురించి లెక్క వేసి చూద్దాం. 150 గ్రాముల రాకెట్టుకు 60 సెం.మీ. చెత్త కవరు పారాచూట్ కడితే సెకనుకు మూడున్నర మీటర్ల చొప్పున దిగుతుంది. 40 మీటర్ల నుంచి దిగడానికి 11 సెకన్లు. గాలి సెకనుకు 5 మీటర్లుంటే 55 మీటర్లు కొట్టుకుపోతుంది. అంటే రోడ్డు మీదికో, ఎవరి బాల్కనీలోకో. 35 సెం.మీ.ది కడితే వేగం 6 మీటర్లు, కొట్టుకుపోయేది 33 మీటర్లు. మీ గ్రౌండుకు చిన్నదే సరి.

అసలు లేకపోతే? ముక్కు కిందికి చేసి సెకనుకు 20 మీటర్ల వేగంతో, గంటకు 70 కి.మీ. పైనే, దిగుతుంది. స్పాంజి ముక్కు తప్పనిసరి అనేది అందుకే. వదులు ముక్కు ఊడి పారాచూట్ తెరుచుకునే పద్ధతి పది జట్లకూ ఒకే రోజు పనిచేస్తుందని ఆశపడవద్దు. కొన్నిటికి ఎక్కేటప్పుడే ఊడుతుంది, కొన్నిటికి అసలు ఊడదు. కాబట్టి పారాచూట్ ఉన్నా లేనట్టే ఏర్పాట్లు చేయాలి: పిల్లలంతా గాలి వచ్చే వైపున, లాంచర్‌కు 25 మీటర్ల వెనక, ఒకే గుంపుగా, నిలబడి, కళ్లు పైకి. పంపు దగ్గర ఇద్దరే, కళ్లద్దాలతో. రాకెట్ నేల తాకాకే తెచ్చేవాడు కదలాలి. మొదటి లాంచ్ ప్రతి జట్టుకూ 40 పీఎస్ఐ, నిటారుగా వెళ్తేనే 60.

తేదీ విషయంలో నా మాట: ఆగస్టు వద్దు. నైరుతి రుతుపవనాల పడమటి గాలి అప్పటికి ఇంకా తగ్గదు, మధ్యాహ్నానికి మరీ లేస్తుంది. డిసెంబరు, జనవరి ఉదయాలు మనకు బంగారం. మేనేజ్‌మెంటు ఒప్పుకోకపోతే ఆగస్టు 23న ఉదయం 7కు మొదలుపెట్టి 9కి ముగించండి. చెట్ల చిన్న కొమ్మలు ఆగకుండా ఊగుతుంటే ఆ రోజు 40 పీఎస్ఐ దాటకండి. ముప్పై లాంచ్‌లకు 21 లీటర్ల నీళ్లు, ఒక వాటర్ క్యాను, పైన ఒక లీటరు.

ఎత్తుకు ప్రొట్రాక్టర్, దారం, నట్టు చాలు. లాంచర్‌కు 50 మీటర్ల దూరంలో నిలబడి శిఖరం దగ్గర కోణం చూడాలి. 50ని ఆ కోణం టాంజెంట్‌తో గుణించి కంటి ఎత్తు కలపాలి. 40 డిగ్రీలొస్తే 42, కంటి ఎత్తు 1.4 కలిపితే 43 మీటర్ల పైచిలుకు. దగ్గరగా నిలబడితే కోణం 60 దాకా పోతుంది, అక్కడ ఒక్క డిగ్రీ పొరపాటు ఎత్తులో ఎక్కువ తేడా తెస్తుంది. ఇద్దరు గ్రౌండు ఎదురెదురు మూలల వైపు నిలబడి సగటు తీస్తే రాకెట్ వాలినా లెక్క అంతగా చెడదు.

వర్తూరు_సైన్స్‌క్లబ్

లాంచర్ తయారైంది. ఒక బాటిల్ చక్కగా నిలుస్తోంది. ఇంకోటి పెడితే మాత్రం కేబుల్ టైలు బాటిల్ మూతి రింగును అందుకోవడం లేదు, 30 పీఎస్ఐ దగ్గరే బుస్సుమంటూ కారుతోంది. ఓ రింగు బాగానే ఉంది.

పీణ్య_ఫిట్టర్

మూతులు వేరు. కూల్‌డ్రింక్ బాటిళ్లకు పాత పొడుగు మూతి ఎత్తు 21 మి.మీ., కొత్త పొట్టి మూతి ఎత్తు 17 మి.మీ. ఆ 4 మి.మీ. తేడాకే టైల తలలు రింగు దాకా రావు, బాటిల్ కాస్త పైకి లేచి ఓ రింగు సరైన చోట కూర్చోదు. రెండు మూతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పది జట్లకూ ఒకే రకం బాటిళ్లు కొనిపించండి, హోస్ క్లిప్ వదులు చేసి టైలను ఆ మూతికి సరిగ్గా సర్ది మళ్లీ బిగించండి. ఓ రింగుకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. దాని తర్వాత కూడా కారితే బాటిల్ మూతి లోపల వేలు పెట్టి గరుకు ఏమైనా తగులుతోందేమో చూడండి. ఉంటే వాటర్ పేపర్‌తో, అంటే సన్న గరుకు కాగితంతో, నున్నగా రుద్దితే పోతుంది, మూతి లోపల తప్ప ఇంకెక్కడా రుద్దకండి.