పాత ఇంటి లాఫ్ట్‌కి ఏ ఇన్సులేషన్ వేయించాలి? (రెడింగ్, 1930ల సెమీ)

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేము పోయిన వేసవిలో ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1930లలో కట్టిన సెమీ డిటాచ్డ్ ఇల్లు (ఒక పక్క గోడ పక్కింటితో కలిసి ఉండేది) కొనుక్కున్నాం. చలి మొదలైనప్పటి నుంచి పై బెడ్రూముల్లో హీటింగ్ ఆపిన కాసేపటికే గది చల్లబడిపోతోంది, పిల్లలు పడుకునేది ఆ గదుల్లోనే. టార్చ్ పట్టుకుని లాఫ్ట్‌లోకి, అంటే సీలింగ్‌కీ పెంకుల కప్పుకీ మధ్య ఖాళీలోకి, ఎక్కి చూస్తే దూలాల మధ్య పసుపు రంగు గ్లాస్ వూల్ పల్చగా ఉంది, రెండు మూడు అంగుళాలు ఉంటుందేమో, దుమ్ము పట్టి నల్లబడింది, కొన్నిచోట్ల అసలు లేనే లేదు. ఒక కంపెనీ వాళ్ళు వచ్చి స్ప్రే ఫోమ్ కొట్టేస్తే ఒక్క రోజులో అయిపోతుంది అంటున్నారు, ఇంకొకాయన పాతదంతా తీసేసి పీఐఆర్ బోర్డులు (గట్టి ఫోమ్ పలకలు) పెట్టాలన్నాడు, మావారేమో రోల్స్ తెచ్చి మనమే పరిచేద్దాం అంటారు. పైన సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు కూడా పెట్టుకోవాలి. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు, లెస్టర్ నుంచి:
అక్కా, స్ప్రే ఫోమ్‌కి మాత్రం సంతకం పెట్టొద్దు. దాన్ని పెంకుల కింద వాసాలకి కొడతారు, అది గట్టిపడ్డాక చెక్కకి గాలి ఆడదు, ఎక్కడ తేమ పట్టిందో ఎక్కడ కుళ్ళుతోందో కంటికి కనిపించదు. అందుకే చాలామంది లెండర్లు ఫోమ్ ఉన్న ఇల్లంటే మార్ట్‌గేజ్ ఇవ్వడానికి వెనకాడుతున్నారు, రేపు మీరు అమ్మాలన్నా రీమార్ట్‌గేజ్ చేయాలన్నా సర్వేయర్ ముందు అదే పట్టుకుంటాడు, తీయించడం పెద్ద ఖర్చు.

మీరు పైన గది కట్టట్లేదు కదా, అలాంటప్పుడు సీలింగ్ మీద పరిస్తే సరిపోతుంది. మామూలు గ్లాస్ వూల్ రోల్సే, మొత్తం మందం 270 మి.మీ. రావాలి. దూలాల మధ్య 100, దాని మీద దూలాలకి అడ్డంగా ఇంకో 170. అడ్డంగా ఎందుకంటే చెక్క గుండా కూడా వేడి పోతుంది, వూల్ కంటే చెక్క వేడిని ఎక్కువ పోనిస్తుంది, పై పొర దాన్ని కూడా కప్పేయాలి. ఇలా వేస్తే యూ వ్యాల్యూ (వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే లెక్క, తక్కువుంటే మంచిది) సుమారు 0.16కి వస్తుంది.

పీఐఆర్ మంచి సరుకే, అదే పనికి వూల్‌లో సగం మందం చాలు, కానీ ఖరీదు ఎక్కువ. పైగా పాత ఇంట్లో దూలాల మధ్య దూరం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, బోర్డు ఎంత జాగ్రత్తగా కోసినా పక్కన సందులు మిగులుతాయి, ఆ సందుల్లోంచే వేడంతా పోతుంది. లాఫ్ట్‌ని గదిగా మార్చి (లాఫ్ట్ కన్వర్షన్) వాసాల మధ్య పెట్టేటప్పుడైతే పీఐఆర్ సరైనది. ఇక్కడ వూల్‌దే పైచేయి.

పాతది పొడిగా ఉంటే తీయక్కర్లేదు, దాని మీదే వేయండి. తడిసినా, ఎలుకలు పాడుచేసినా తీసేయండి. ఎక్కడైనా బూడిద రంగులోనో బంగారు రంగులోనో మెరిసే పలుకులు పోసి కనిపిస్తే మాత్రం కదపొద్దు, అది వర్మిక్యులైట్ అయ్యుండొచ్చు, కొన్ని పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ముందు టెస్ట్ చేయించాలి.

జవాబు, మిల్టన్ కీన్స్ నుంచి:
నేను ఎలక్ట్రీషియన్‌ని, వైరింగ్ గురించి చెప్తా. వూల్ కింద కప్పేసిన కేబుల్ వేడెక్కుతుంది, ముఖ్యంగా ఎలక్ట్రిక్ షవర్ కేబుల్. లూజ్ ఉంటే దాన్ని వూల్ పైకి తీసి పెట్టండి, లేకపోతే ఎవరికైనా చూపించి ఆ సైజు కేబుల్ సరిపోతుందో లేదో కనుక్కోండి. బాత్రూంలోనో బెడ్రూంలోనో సీలింగ్‌లో దిగేసిన డౌన్‌లైట్లు ఉంటే వాటి మీద నేరుగా వూల్ వేయొద్దు, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది, వాటికి ఫైర్ కవర్లు దొరుకుతాయి. రబ్బరు తొడుగు ఉన్న పాత వైర్లు ఇంకా మిగిలి ఉంటే, అవి ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతాయి, అప్పుడు ముందు రీవైరింగ్, తర్వాతే ఇన్సులేషన్.

మళ్ళీ అడిగినవారు:
చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఇవాళ పొద్దున మళ్ళీ ఎక్కి చూశాం, డౌన్‌లైట్లు లేవు. కానీ చూరు దగ్గర వాసాల మీద నల్ల మచ్చలున్నాయి, బాత్రూం పైన ఫెల్ట్‌కి (పెంకుల కింద పరిచే నల్ల షీట్) నీటి చుక్కలు వేలాడుతున్నాయి. వర్షం పడలేదు. కప్పు లీకా?

జవాబు, లెస్టర్ నుంచి:
వర్షం లేకుండా చుక్కలున్నాయంటే అది ఎక్కువగా ఇంట్లోంచి వచ్చే ఆవిరే అక్కా. బాత్రూం ఫ్యాన్ పైపు ఎక్కడికి పోతోందో చూడండి, చాలా పాత ఇళ్ళల్లో ఆ పైపు ఊడిపోయి ఆవిరంతా లాఫ్ట్‌లోకే వదులుతుంటుంది. అది కప్పు బయటికో గోడ బయటికో పోవాలి. మన ఇళ్ళల్లో రోజూ అన్నం వార్చడం, పప్పు, సాంబారు మరగడం, బట్టలు రేడియేటర్ మీద ఆరేయడం, ఆ తేమంతా పైకే పోతుంది. కిచెన్ ఫ్యాన్ బయటికి వదిలే రకమా లేక గాలిని తిప్పి మళ్ళీ గదిలోకే వదిలే రకమా అది కూడా చూసుకోండి.

ఇది తేలకుండా 270 వేశారనుకోండి, కింద గదులు వెచ్చగా ఉంటాయి కానీ లాఫ్ట్ ఇంకా చల్లబడుతుంది, అప్పుడు అదే ఆవిరికి ఇంకా ఎక్కువ నీరు పడుతుంది, మచ్చలు పెరుగుతాయి. అందుకే వూల్‌ని చూరు లోపలికంటా కుక్కేయొద్దు, ఫెల్ట్‌కీ వూల్‌కీ మధ్య కనీసం 50 మి.మీ. గాలి పోయే దారి వదలాలి. అది ఎవరూ చూడని మూల కాబట్టి పనివాళ్ళు గబగబా దోపేసి వెళ్ళిపోతారు, దగ్గరుండి చూసుకోండి. లాఫ్ట్ తలుపు చుట్టూ రబ్బరు స్ట్రిప్ అతికించి దాని వెనక కూడా ఇన్సులేషన్ పెట్టండి, ఆ సందుల్లోంచి కూడా వేడీ తేమా పైకి పోతాయి. నీళ్ళ ట్యాంక్ ఉంటే పైనా పక్కలా కప్పండి, అడుగున మాత్రం వద్దు, కింది నుంచి వచ్చే కాస్త వేడి వల్లే అది గడ్డకట్టకుండా ఉంటుంది. పైపులకి ఫోమ్ తొడుగులు వేయండి.

జవాబు, లీడ్స్ నుంచి:
సూట్‌కేసుల సంగతి ఎవరూ చెప్పలేదు. వూల్ మీద నేరుగా చెక్కలు వేసి నొక్కేస్తే అది అణిగిపోయిన బొంతలా అయిపోతుంది, లోపలి గాలి పోతే వెచ్చదనం కూడా పోయినట్టే. దూలాలకి బిగించే ప్లాస్టిక్ కాళ్ళు అమ్ముతారు, వాటి మీద బోర్డులు ఎత్తుగా వస్తాయి. తలుపు చుట్టూ కొంత మేరకు చేసుకుంటే చాలు. 1930ల సీలింగ్ దూలాలు నేలలా బరువు మోయడానికి వేసినవి కావు, ఖాళీ సూట్‌కేసులు, బొమ్మలు సరే, పుస్తకాల డబ్బాలు, ఇత్తడి గుండిగలు వద్దు.

ఇంకొకటి, కంపెనీ సరుకు తెచ్చి వాళ్ళే వేస్తే 2027 మార్చి 31 వరకు వ్యాట్ సున్నా, మీరే షాపులో కొంటే 20 శాతం కట్టాలి. ఆ లెక్క చూసుకుని కొటేషన్లు పోల్చుకోండి.

మళ్ళీ అడిగినవారు:
ఫ్యాన్ పైపు నిజంగానే ఊడి పడి ఉంది! ముందు అది బాగుచేయించి, మచ్చలు ఆరాక రోల్స్ సంగతి చూస్తాం. మేమే వేసుకుంటే చేతులు దురద పెడతాయంటారు, నిజమేనా?

జవాబు, లెస్టర్ నుంచి:
పెడతాయి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లౌజులు, కళ్ళద్దాలు, ఎఫ్ఎఫ్‌పీ2 కానీ 3 కానీ మాస్క్ తప్పనిసరి. దూలాల మీద ఒక పలక వేసుకుని దాని మీదే నడవండి, మధ్యలో అడుగు పెడితే కింది గది సీలింగ్ ఊడి వస్తుంది. రోల్ ప్యాకెట్ పైకి తీసుకెళ్ళాకే విప్పండి, కిందే విప్పితే ఉబ్బి ఆ తలుపులోంచి పట్టదు.