మందారం, కాగితప్పూల మొక్క: రెంటికీ నీళ్లు ఎలా పోయాలి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మిద్దె మీద మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా పడమటి ఎండ. 12 అంగుళాల కుండీలు రెండున్నాయి. ఒకదాంట్లో మందారం. రోజూ నీళ్లు పోస్తున్నా ఎండలు ముదిరాక మొగ్గలు పసుపెక్కి రాలిపోతున్నాయి. పైగా చిగుళ్ల నిండా తెల్లగా పిండినల్లి. వేపనూనె, సబ్బునీళ్లు కలిపి కొడితే వారం తగ్గి మళ్లీ మొదలు. రెండోది కాగితప్పూల మొక్క. దానికీ రోజూ నీళ్లే (మా అత్తయ్య సలహా!). ఆకులే ఆకులు, ఒక్క పువ్వు లేదు. మట్టి బాగా ఆరాకే తడిపితే పూస్తుందని నర్సరీ అతను అంటున్నాడు. ఈ ఎండల్లో ఎన్ని రోజులు ఆరనివ్వొచ్చు? కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి? మందారానికి షేడ్ నెట్ కడితే మొగ్గ నిలుస్తుందా? పూజకి పూలు కావాలి, దాన్ని మాత్రం వదులుకోలేను.